నా పీసీలోనే మ్యాక్ ఓఎస్ వేసుకోవచ్చా?

"ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను, ఉన్న పీసీలోనే మ్యాక్ ఓఎస్ వేసుకోవచ్చా?" అని అడిగారు. వేసుకోవచ్చు, నేను ఏడాదికి పైగా నడిపాను. యాపిల్ లైసెన్సు ఒప్పుకోదు, అది వేరే సంగతి. అయినా ఇప్పుడు ఆ కష్టం దేనికండీ? ఇంటెల్ చిప్పున్న మిషన్లకి మ్యాక్ ఓఎస్‌లో తహో వెర్షనే ఆఖరని యాపిలే చెప్పేసింది. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో ఉచితంగా దొరుకుతోంది, దాంట్లో నేర్చుకోండి. కూడు పెట్టే మిషన్ మీద మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

నాది విజయనగరంలో పెళ్లి వీడియోల పని. 2018లో ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డున్న పీసీలో, అప్పటి మ్యాక్ ఓఎస్ వెర్షన్ హై సియెర్రా వేశాను. వైఫై పట్టలేదు, లాన్ వైరు లాగాను. సౌండ్ రావడానికి రెండు రాత్రులు పట్టింది. యాపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ మాత్రం గుర్రంలా పరుగెత్తేది. షాపుకి ఎవరొచ్చినా ముందు అడిగేది "మ్యాక్‌లోనే చేస్తారా అన్నా?" అని. కటింగ్ ఎలా ఉందో ఎవడికీ అక్కర్లేదు! మానిటర్ వాళ్లకేసి తిప్పి, సీపీయూని బల్ల కిందకి కాలితో తోసేవాణ్ణి.

శ్రావణంలో చేసిన ఒక పెళ్లి వీడియో పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఇవ్వాలి, ఆడపెళ్లివారి చుట్టాలంతా అప్పుడు ఊళ్లోకి దిగుతారు. ఇంకా మూడు రోజులుంది. హై సియెర్రా తర్వాతి వెర్షన్ మొజావే వచ్చి అప్పటికి నెల కావస్తోంది. రాత్రి పదకొండు దాటాక ఏ దయ్యం పూనిందో, అప్‌డేట్ నొక్కాను.

నా కార్డుకి ఎన్విడియా డ్రైవర్ హై సియెర్రా వరకే ఉంది, మొజావేకి లేదు. ముందు చదువుకోకపోవడం నా తప్పే. మౌస్‌తో విండోని పక్కకి లాగితే ముక్కలు ముక్కలుగా కదులుతోంది. 'అబౌట్ దిస్ మ్యాక్' తెరిస్తే, 4 జీబీ కార్డుకి మెమరీ 7 ఎంబీ అని చూపిస్తోంది! ఫైనల్ కట్ అసలు తెరుచుకోలేదు.

పక్కనే విండోస్ కూడా ఉంది. అనూ ఫాంట్లలో పెళ్లికొడుకు పేరు కొట్టాలంటే అదే గతి, ఈ పీడ ఎప్పుడు వదులుతుందో. కానీ ప్రాజెక్టున్న డిస్కు ఏపీఎఫ్ఎస్ అనే యాపిల్ ఫార్మాట్‌లో ఉంది, విండోస్ దాన్ని చదవదు. పొద్దున్నే డిస్కుని తువ్వాల్లో చుట్టి, కాంప్లెక్స్‌లో వైజాగ్ బస్సెక్కాను. అక్కడ స్నేహితుడి అసలు ఐమ్యాక్ ముందు రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేశాను.

పండగ పొద్దున్నే పెన్‌డ్రైవ్ పట్టుకుని వాళ్లింటికెళ్లాను. పెళ్లికూతురి తల్లి టీవీ ముందు కూర్చుని మొత్తం చూసి, "అంతా బాగుంది గానీ, మా చిన్నాన్న బంతిలో ఎక్కడా కనబడ్డం నేదేటి బాబూ?" అంది.