ఇంగ్లీషులో జరిగే ఆన్‌లైన్ రచనా కార్యశాలలు తెలుగు కథకులకు పనికొస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు చెన్నైలో ఉంటూ తెలుగులో కథలు రాస్తున్నారు. బ్రిటన్ రచయితల సంఘం ఒకటి శని, ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో కార్యశాలల పండుగ జరుపుతోంది. దానికి రుసుము కట్టవచ్చా, అక్కడ ఇంగ్లీషులో చెప్పేది మన కథకు అతుకుతుందా అని అడిగారు.

కట్టండి. కానీ రెండు తరగతులకు మించి తీసుకోకండి. వాళ్లు ఇచ్చే అభ్యాసాలు మాత్రం తెలుగులోనే రాయండి. నేనూ చెన్నైలోనే, పెరంబూరులో ఉంటాను. పగలు ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాను, రాత్రిళ్లు కథలు రాస్తాను. రెండేళ్ల కిందట ఇలాంటి పండుగకే వెళ్లి, ఈ రెండు సంగతులూ కొంత నష్టపోయాకే తెలుసుకున్నాను.

మొదటి తప్పు ఆశపోతుతనం. రెండు రోజుల్లో ఏడు తరగతులకు డబ్బు కట్టాను. శనివారం నాలుగో తరగతికి వచ్చేసరికి చెప్పేవారి పెదవులు కదులుతున్నట్టు కనిపించడమే తప్ప ఒక్క మాటా చెవికెక్కలేదు. రికార్డింగులు రెండు వారాలపాటు చూసుకోవచ్చన్నారు. ఒక్కటీ చూడలేదు. మీరూ చూడరు, ఆ ధైర్యంతో డబ్బు కట్టకండి.

డబ్బంటే గుర్తొచ్చింది. మన కార్డుల్లో విదేశీ చెల్లింపు చాలాసార్లు ఆపి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో ముందే తెరిచి పెట్టుకోండి. రుసుము మీద బ్యాంకు తన వంతు కొంత వేసుకుంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ.

రెండో దెబ్బ గడియారం కొట్టింది. బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. మా పండుగ సరిగ్గా ఆ శని, ఆదివారాల్లోనే పడింది. శనివారం వాళ్ల పది గంటలంటే మనకు మధ్యాహ్నం రెండున్నర, ఆదివారం అదే పది గంటలు మూడున్నర. నాకది తెలియదు. ఆదివారం భోజనం కాగానే గిన్నెలు అలాగే వదిలేసి, తల దువ్వుకుని, రెండున్నరకల్లా తెర ముందు కూర్చున్నాను. ఎవరూ లేరు. మా అత్తయ్య కాఫీ తెచ్చి, ఖాళీ తెరను కాసేపు చూసి, "మీ మాస్టారికి ఇంకా తెల్లవారలేదేమోనమ్మా" అన్నారు. పైగా అక్టోబరు చివరంటే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే కాలం. సాయంత్రం ఒక ఉరుముకే కరెంటు పోయింది. మిగతా తరగతి ఫోను డేటాతో, కొవ్వొత్తి వెలుతురులో విన్నాను. ఫోను ముందే చార్జింగ్ పెట్టుకోండి.

ఇక అసలు సంగతి, ఆ ఏడింటిలో నాకు మిగిలిన ఒకే ఒక్క తరగతి. కథను ఎవరి కళ్లతో చూపించాలన్నది విషయం. చెప్పినావిడ ఇచ్చిన అభ్యాసం చాలా చిన్నది: ఒక మనిషి గుమ్మంలోంచి లోపలికి వస్తాడు. అతణ్ని ముందు కూతురి వైపు నుంచి, తరువాత అప్పు వసూలుకు వచ్చి కూర్చున్నవాడి వైపు నుంచి రాయాలి. ఒక్కోదానికి ఏడు నిమిషాలు. తోటివారంతా ఇంగ్లీషులో రాస్తున్నారు. వారికి రెండు చోట్లా సర్వనామం ఒకటే, కాబట్టి తేడా అంతా ఆ మనిషి చొక్కాలోనూ చెప్పుల్లోనూ చూపించాలి. నేను తెలుగులో మొదలుపెట్టాను. "నాన్న వచ్చారు" అని రాశాను. రెండోదానికి "వచ్చాడు" అని రాశాను. అక్కడే కలం ఆగిపోయింది. వర్ణన ఇంకా మొదలుకానే లేదు, ఎవరు చూస్తున్నారో క్రియాపదమే చెప్పేసింది.

ఇందులో కొత్తేముంది, చిన్నప్పటినుంచీ మాట్లాడుతున్నదే కదా అంటారు. నిజమే. కానీ నా కథల్లో కథకుడి గొంతులో అదెప్పుడూ పట్టించుకోలేదు. పెద్దవారు కనిపిస్తే చాలు, అలవాటుగా "ఆయన" అని రాసుకుపోతున్నాను. అప్పటికి ఏడాదిగా కుదరక మూలపడి ఉన్న కథ ఒకటుంది. తాత, మనవరాలు. తాత తనకు చెప్పకుండా బావి పక్క పొలం అమ్మేశాడని ఆ పిల్లకు సగం కథలో తెలుస్తుంది. ఆ పిల్ల కోపం ఎన్ని వాక్యాల్లో చెప్పినా పండటం లేదు. ఆ రాత్రి కథ తీసి, ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి "తాత" అన్న మాట తీసేశాను. "ఆయన"ను "అతను" చేశాను. కోపం గురించి రాసిన వాక్యాలు ఆరు కొట్టేశాను. చివరి పేరాలో ఒక్కచోట "తాత" తిరిగి వచ్చింది. అంతే, కథ నిలబడింది. ఆ తరగతి చెప్పినావిడకు మన గౌరవవాచకాల సంగతి తెలిసే అవకాశమే లేదు. కానీ ఆమె ప్రశ్న అడగకపోతే నేను అటు చూసేదాన్ని కాదు. మీ రెండో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే.

అతకనివీ ఉన్నాయి. చిట్టికథల తరగతిలో మూడు వందల మాటల హద్దు పెట్టారు. మన భాషలో "రానక్కరలేదన్నాడు" అన్నది ఒక్క మాట, ఇంగ్లీషులో అది అరడజను మాటలైనా అవుతుంది. నేను తెలుగులో సరిగ్గా మూడు వందలకు కుదించిన కథ అనువాదం చేసేసరికి నాలుగు వందల యాభై దాటింది. పోటీకి పంపాలనుకుంటే తెలుగు ప్రతి రెండు వందల దగ్గర ఆపుకోండి. అన్నట్టు, చిట్టికథ అంటే ఏదో నిన్నమొన్న పుట్టిన ప్రక్రియలా చెబుతుంటే నాకు కాస్త చిరాకు వేసింది. మనకు గల్పిక ఉంది, కార్డు ముక్కలో పట్టేలా రాసే కార్డు కథ ఉంది. గల్పికలు విరివిగా రాసిన కొడవటిగంటి కుటుంబరావు ఏళ్ల తరబడి ఈ ఊళ్లోనే ఉండి చందమామ పని చూశారు. 1947లో చందమామ మొదలైంది కూడా ఇక్కడే. అటువంటి మద్రాసులో ఇవాళ తెలుగు కథ గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు నాకు కనిపించక, బ్రిటన్ గడియారం చూసుకుంటూ కూర్చోవలసి వస్తోంది. ఆ గొడవ ఇంకోసారి.

చిన్న బృందాలుగా విడగొట్టినప్పుడు భయపడకండి. నాతో మరో ముగ్గురిని వేశారు. నా వంతు వచ్చినప్పుడు, తెలుగులో రాశాను, అర్థం చెబుతాను అన్నాను. అందులో ఒక పెద్దావిడ, అర్థం తరువాత, ముందు మీ భాషలో చదవండి అన్నారు. చదివాను. నా వాక్యాలన్నీ ఒకే పొడవున్నాయన్న సంగతి భాష రాని ఆమె చెవికి తెలిసింది. మొహమాటపడుతూనే చెప్పారు. తరగతి అయ్యాక చూసుకుంటే, వరుసగా పదకొండు వాక్యాలు "ఉంది", "ఉన్నాడు", "ఉండేది"తోనే ముగిశాయి. అప్పటినుంచి ఏది రాసినా ముందు అత్తయ్యకు చదివి వినిపిస్తున్నాను. ఆవిడకు నిద్ర పట్టిన చోట పెన్సిలుతో గీత పెట్టుకుంటాను.

తరగతులు ఎంచుకునేటప్పుడు, ప్రచురణకర్తలను ఎలా కలవాలి, రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంటుకు ఉత్తరం ఎలా రాయాలి లాంటివి వదిలేయండి. అవి వాళ్ల పుస్తకాల సంతకు సంబంధించినవి, మన పత్రికలకు ఏజెంట్లతో పని లేదు. తరగతి వివరాల్లో ఎంతసేపు రాయిస్తారో ఉందేమో చూడండి. గంటన్నరలో కనీసం అరగంట రాయించనిది తీసుకోకండి, ఉపన్యాసం ఎక్కడైనా దొరుకుతుంది.

నేను ఈసారి ఒక్కటే తీసుకున్నాను, ఆదివారం సంభాషణల మీద జరిగేది. వేళ క్యాలెండరులో మన లెక్క ప్రకారమే రాసి పెట్టాను. మీరూ అదే తీసుకుంటే చిన్న బృందాల్లో ఎదురుపడతామేమో చూద్దాం. తెలుగులో చదివేవారు ఇద్దరైతే నాకు ధైర్యంగా ఉంటుంది.