పది వద్దు, మూడు చాలు

చిన్నా,

శనివారం ఒక్కరోజే మీరంతా లివర్‌పూల్లో పది పాత పబ్బులు చుట్టేస్తారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్కకు ఒకటే కంగారు. నాకూ కంగారే, కాకపోతే లోపల గర్వంగా కూడా ఉంది. చదువుకోడానికొచ్చి గదిలో ముడుచుకుని కూర్చోకుండా ఊరి మనుషుల్లోకి వెళ్తానంటున్నావు. ఉద్యోగానికొచ్చిన కొత్తలో నాకా గుమ్మం తొక్కే ధైర్యమే చాలలేదు.

కానీ పది ఎందుకురా? ఒక్కోచోట గబగబా తాగి లేచిపోతే ఏం చూసినట్టు? మూడు చాలు. కడుపు నిండా తిని బయల్దేరు. గుర్తింపు కార్డు జేబులో పెట్టుకో. కోటు విప్పకు.

హోప్ స్ట్రీట్ మూల మీదున్న ఫిల్‌హార్మోనిక్‌కి మధ్యాహ్నమే వెళ్ళు, జనం చేరకముందు. 1898–1900 మధ్య కట్టిన పబ్బు అది, 2020లో గ్రేడ్ వన్ కట్టడమైంది, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల్లో అన్నిటికంటే పై తరగతి. ఆ చెక్కపనీ, రంగుటద్దాలూ నిదానంగా చూడు. మగవాళ్ళ మరుగుదొడ్డికి కూడా గులాబీరంగు పాలరాయి వేశారు. తర్వాత రైస్ స్ట్రీట్‌లో యీ క్రాక్. ఆర్ట్ కాలేజీ రోజుల్లో జాన్ లెనన్ కూర్చున్న చోటు. చివరికి రాస్కో హెడ్: ఇరుకు గదులు, కబుర్లు, మంచి బీరు. మంచి బీరు దొరికే పబ్బుల్ని చెప్పే పుస్తకం గుడ్ బీర్ గైడ్‌లో, 1974 నాటి మొదటి సంచిక నుంచీ పేరు నిలబెట్టుకుంటూ వచ్చిన కొద్ది పబ్బుల్లో ఇదొకటి. మూడూ నడిచి వెళ్ళేంత దూరమే.

బార్ మీద పొడుగు పిడుల చేతిపంపులు చూడు. వాటిలో వచ్చే క్యాస్క్ ఏల్ అనే బీరు పీపాలోనే ఇంకా పులుస్తుంటుంది. మన కల్లులాగే నిలవుండదు, పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. అందుకే పది పంపులుండి ఈగలు తోలుకుంటున్న చోటుకంటే, మూడే పంపులుండి సందడిగా ఉన్నచోటు మేలు. ఐసులా చల్లగా ఉండదు, పాడైందనుకోకు. వెనిగర్ వాసనొస్తే మాత్రం గ్లాసు తీసుకెళ్ళి మెల్లగా చెప్పు, మార్చిస్తారు.

ఇక రౌండ్ల సంగతి, అంటే వంతులవారీగా ఒక్కొక్కరూ అందరికీ కొనడం. ఇది రెండుసార్లు చదువు.

అప్పట్లో నా గదిలో ఉండే గుంటూరు కుర్రాణ్ణి వాళ్ళ ఆసుపత్రి వార్డువాళ్ళు ఓ శుక్రవారం పబ్బుకి తీసుకెళ్ళారు. మొత్తం ఐదుగురు. ఒకడు లేచి అందరికీ తెచ్చాడు, తర్వాత ఇంకొకడు. పిలిచినవాళ్ళే పెట్టుకోవడం మన పద్ధతి కదా, వీడూ అలాగే అనుకుని హాయిగా తాగి, థాంక్స్ చెప్పి, తన వంతు రాకముందే వచ్చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ అనరు, అదే చిక్కు. తర్వాతి వారం పిలుపు లేదు, ఆపై వారమూ లేదు. చివరికి ఓ నర్సు చెవిన వేసింది, నువ్వొక రౌండ్ బాకీ అని.

సిగ్గుతో చచ్చిపోయాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు తనే ముందు కొన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. అందరితో సమానంగా తాగకపోతే మళ్ళీ ఏమనుకుంటారోనని ఖాళీ కడుపు మీద ఐదు పైంట్లూ తాగేశాడు. పైంటంటే 568 మిల్లీలీటర్లు, లెక్కేసుకో. డిసెంబరు రాత్రి, మనిషి ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ పోతే రేవు దగ్గర బెంచీ మీద కోటు లేకుండా పడున్నాడు. పెదవులు నీలమెక్కాయి. రెండడుగుల అవతల నల్లటి నీళ్ళు. వాణ్ణి లేపుతుంటే నా చేతులు ఆగలేదు. ఇప్పుడు నిక్షేపంగా ఉన్నాడు, మనవల్ని ఆడిస్తున్నాడు. ఆ బెంచీ మాత్రం నన్ను వదల్లేదు.

కొనడం నీ వంతురా, తాగడం నీ ఇష్టం. వంతు రాగానే లేచి అందరికీ కొను. నీకు మాత్రం హాఫ్, అంటే అర పైంటు, చెప్పుకో, లేదా లైమ్ సోడా. ఒక్కడూ ఎందుకని అడగడు. అడిగితే వాడితో మళ్ళీ వెళ్ళకు. డబ్బులు తక్కువైతే నన్నడుగు, మొహమాటపడకు.

రేవు ఎదురుగా ఉన్న బాల్టిక్ ఫ్లీట్ కూడా మంచి పబ్బే, కానీ శనివారం దాని జోలికి పోకు. చీకట్లో నువ్వు ఆ నీళ్ళ పక్కన నడుస్తావంటే నాకు నిద్రపట్టదు. క్రిస్మస్ సెలవుల్లో నేనొస్తాను, పగలు కలిసి వెళ్దాం. మొదటి రౌండ్ నాది.

మీ మామయ్య