ఓఈటీ రాయబోతున్న నా మేనకోడలికి

బంగారం,

నువ్వు ఓఈటీకి, అదే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల ఇంగ్లీషు పరీక్షకి, కడుతున్నావని, స్కోరు వస్తే నర్సుగా ఇంగ్లండ్ వెళ్తావని రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెప్తుంటే వాడి గొంతు వణికింది. నాకూ సరిగ్గా నిద్ర పట్టలేదు. సూర్యారావుపేట నుంచి ఇంటికి రావడానికి పది నిమిషాలు ఆలస్యమైతేనే మేం కంగారుపడే పిల్లవి, అంత దూరం ఒక్కదానివీ ఎలా ఉంటావోనని భయం. మన ఇంట్లో ఆ పని చెయ్యగలిగినదానివి నువ్వేనని గర్వం. ఫోన్‌లో మాట్లాడితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఎలా ఉన్నాయో అప్లికేషన్‌లో కూడా అక్షరం తేడా లేకుండా అలాగే నింపు. మోడల్ పేపర్లు ఓఈటీ వాళ్ల సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో బి గ్రేడు, అంటే 350 అడుగుతారు. రైటింగ్‌లో సి ప్లస్, అంటే 300 వస్తే చాలంటారు. తక్కువ అడిగారు కదా అని రైటింగ్‌ని వెనక్కి నెట్టకు.

"గ్యారంటీగా బి తెప్పిస్తాం, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అనే ఏజెంటు ఎవడైనా ఎదురైతే లేచి వచ్చెయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకు, జెరాక్సులు ఇవ్వు. నీ మెతకతనం నాకు తెలుసు. చిన్నప్పుడు కొత్త కలర్ పెన్సిళ్లు అడిగిన పిల్లకల్లా ఇచ్చేసి, చివరికి ఉత్త డబ్బాతో ఇంటికొచ్చేదానివి. ఈ విషయంలో మొహమాటపడ్డావంటే నేనే వచ్చి ఆ ఆఫీసు ముందు కూర్చుంటా.

ఇక గ్రామర్. ఎలా చదువుతోందిరా అని మీ నాన్నని అడిగితే, "ఫోన్‌లో ఖాళీలు పూరిస్తోందక్కా, రోజూ వంద బిట్లు చేస్తోంది" అన్నాడు సంతోషంగా. నా గుండె జారింది. ఎందుకో చెప్తాను విను. వాడు నీకు ఈ సంగతి చెప్పి ఉండడు.

ఎమ్మెస్సీ అయ్యాక మీ నాన్న అమెరికా వెళ్లాలని టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకి చదివాడు. 1998లో ఆ పరీక్షని కంప్యూటర్ మీదికి మార్చారు, ఇది ఆ తర్వాత సంగతి. అందులో స్ట్రక్చర్ అని ఒక భాగం ఉండేది. వాక్యం ఇచ్చి నాలుగు చోట్ల కింద గీత గీస్తారు, తప్పు ఎక్కడుందో పట్టాలి. లేదా ఖాళీలో సరిపోయేది ఏరాలి. వాడు అందులో ఎంత ఆరితేరాడంటే, బ్రాడీపేటలో మా డాబా మీద కూర్చుని నేను వాక్యం సగం చదివేలోపే జవాబు చెప్పేసేవాడు. నోటుపుస్తకాల నిండా టిక్కులే. "రోజూ ఒక పేజీ సొంతంగా రాయరా" అని పోరేదాన్ని. "ఎస్సే ఎవరైనా రాస్తారక్కా, కష్టమంతా స్ట్రక్చర్‌లోనే" అనేవాడు. ఆ స్ట్రక్చర్ మార్కులోనే దాదాపు సగం అరగంటలో రాసే ఎస్సేకి పోతుందని వాడికీ తెలుసు. తెలిసీ రాయలేదు.

హైదరాబాద్‌లో పరీక్ష రాసి వచ్చాక రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "అక్కా, ఒక వాక్యం రాస్తాను, వెంటనే అందులో తప్పు కనిపిస్తుంది, చెరిపేస్తాను. మళ్లీ రాస్తాను, ఇంకో తప్పు. టైమ్ అయ్యేసరికి ఒకటిన్నర పేరా." వాడు కోరుకున్న యూనివర్సిటీ టోఫెల్‌లో 213 స్కోరు అడిగింది. రాలేదు. మళ్లీ ఫీజు కట్టే స్థితి అప్పుడు మన ఇంట్లో లేదు, వాడూ అడగలేదు. మెడికల్ ఏజెన్సీలో చేరాడు, పెళ్లయింది, నువ్వు పుట్టావు. వాడి తెలివికేం లోటు లేదమ్మా. ఇంకొకరు రాసినదాంట్లో తప్పు పట్టడం బాగా సాధన చేశాడు, తన మాట తను రాయడం అసలు చెయ్యలేదు, అంతే. 2005లో ఇంటర్నెట్ టోఫెల్ వచ్చినప్పుడు ఆ స్ట్రక్చర్ భాగాన్నే తీసేశారు.

నీ ఓఈటీలో గ్రామర్‌కి విడిగా పేపరే లేదు. పేషెంట్ గురించి ఇంకో డాక్టరుకో నర్సుకో నువ్వు రాసే లెటర్లోనే, మాట్లాడే మాటల్లోనే దాన్ని చూస్తారు. కాబట్టి ఆ వంద బిట్లు మానేసి లెటరు రాయి.

రైటింగ్‌లో మొదటి ఐదు నిమిషాలు కేస్ నోట్స్, అంటే వాళ్లిచ్చే పేషెంట్ వివరాలు, చదవడానికే, ఆ తర్వాత 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల లెటరు రాయాలి. వార్డులో నువ్వు రోజూ రాసేది ముక్కలు ముక్కలుగా ఉంటుంది: "అడ్మిటెడ్ ట్వెల్త్ మే, ఫ్రాక్చర్ లెఫ్ట్ హిప్, లివ్స్ అలోన్." షిఫ్టు మారేటప్పుడు అది చాలు. లెటర్లో దాన్ని నిండు వాక్యం చెయ్యాలి: "షి లివ్స్ అలోన్ అండ్ వాజ్ అడ్మిటెడ్ ఆన్ ట్వెల్త్ మే విత్ ఎ ఫ్రాక్చర్ ఆఫ్ ద లెఫ్ట్ హిప్." ఇది వచ్చాక "హూ లివ్స్ అలోన్" అని పేషెంట్ పేరు పక్కన చేర్చడం నేర్చుకో. మనం "ఒంటరిగా ఉండే ఆవిడ" అని వివరం ముందు చెప్పి మనిషిని తర్వాత చెప్తాం. ఇంగ్లీషులో మనిషి ముందు, వివరం వెనక. మన పిల్లలకి ఇక్కడే చెయ్యి తిరగదు, నా క్లాసులో ఏళ్ల తరబడి చూశాను.

ఇంకోటి "నుంచి" దగ్గర. 2015 నుంచి షుగరు మాత్రలు వేసుకుంటోంది అని తలచుకుని "షి ఈజ్ టేకింగ్ సిన్స్ 2015" అని రాసేస్తారు. "హ్యాజ్ బీన్ టేకింగ్" అని రావాలి. పేషెంట్ హిస్టరీ అంతా ఈ "నుంచి"లే కాబట్టి దీనిమీద ఎక్కువ కూర్చో.

రాసిన వెంటనే దిద్దుకోకు. మర్నాడు తియ్యి. ఒకసారి క్రియలు మాత్రమే చూడు. రెండోసారి ప్రతి నామవాచకం ముందు "ఎ" కావాలా "ద" కావాలా చూడు, తెలుగులో అవి లేవు కాబట్టి మనకి జారిపోతాయి. తప్పు దొరికితే గీత పెట్టి వదిలెయ్యకుండా ఆ వాక్యం మొత్తం మళ్లీ రాయి. పది లెటర్లయ్యేసరికి నీ తప్పులు మూడో నాలుగో రకాలేనని నీకే తెలుస్తుంది. లెటర్ని ఆరు విషయాల్లో చూస్తారు, భాష అందులో ఒకటి. ఎందుకు రాస్తున్నావో మొదట్లోనే తేలాలి, అవతలి డాక్టరుకో నర్సుకో అక్కర్లేని నోట్స్ వదిలెయ్యాలి. ఉన్నదంతా రాసేస్తే మంచిదనుకునే పిల్లవి నువ్వు, అక్కడ జాగ్రత్త.

స్పీకింగ్‌లో ఐదేసి నిమిషాల రోల్‌ప్లేలు రెండు. నువ్వు నర్సువి, ఎదుటివాళ్లు పేషెంటో వాళ్ల తాలూకు మనిషో. వార్డులో "చెప్పండమ్మా, ఎక్కడ నొప్పి?" అని నువ్వు అడిగే తీరు నేను చూశాను, పేషెంటుకి సగం నొప్పి అక్కడే తగ్గుతుంది. "టెల్ మీ, వేర్ ఈజ్ పెయిన్" అంటే ఆ మెత్తదనం పోతుంది, కసిరినట్టు ఉంటుంది. "కుడ్ యు టెల్ మీ వేర్ ఇట్ హర్ట్స్?" అను. చూశావా, "కుడ్ యు టెల్ మీ" అన్నాక "వేర్ డజ్ ఇట్" అని తిరగెయ్యకూడదు. ఇలాంటివి ఒంటరిగా ఉన్నప్పుడు పైకి చెప్పుకో, ఎవరైనా వింటే విననీ.

నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం పుస్తకం ముట్టుకోకు. తిని పడుకో. నిద్రలేని కళ్లతో బెంజ్ సర్కిల్‌లో స్కూటీ నడుపుతావేమోనని తలుచుకుంటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ రోజుకి బస్సెక్కు. పరీక్ష ఓ నెల వెనక్కి జరిగినా ఏం కాదు.

రాసిన లెటర్లు ఫోటో తీసి నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను. కానీ ముందు మీ నాన్నకి చూపించు. తప్పు పట్టడంలో వాడిని మించినవాళ్లు మన ఇంట్లో ఇప్పటికీ లేరు.

మీ అత్తయ్య,
గుంటూరు