పెద్ద బాకీ పెద్ద సంఖ్యేనా?

ప్రశ్న: మాకు గాజువాకలో చిన్న కిరాణా కొట్టు ఉంది. మా గుంటడు ఏడో తరగతి. మొన్న పరీక్షలో −500, −200లలో ఏది పెద్దది అని అడిగితే −500 అని రాశాడు. ఇంటు పడింది. "అరువు పుస్తకంలో ఐదొందల బాకీయే కదమ్మా పెద్దది?" అని ఒకటే గొడవ. నాకూ వాడు చెప్పిందే సబబనిపిస్తోంది. తప్పు ఎక్కడుంది మేడమ్?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: ముందే చెప్పేస్తానమ్మా, ఆ మార్కు తిరిగి రాదు. అలాగని వాణ్ణి కోప్పడకండి. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఈ మెలిక దగ్గర వాళ్ళూ తడబడేవారు.

మీవాడు అడగని ప్రశ్నకు సరైన జవాబు రాశాడు. "పెద్ద" అనే మాటతో మనం రెండు పనులు చేయించుకుంటాం. పెద్ద బాకీ అన్నప్పుడు చూసేది సున్నా నుంచి ఎంత దూరం పోయిందా అని. పరీక్షలో అడిగింది సంఖ్యారేఖ మీద ఏది కుడివైపు ఉందని. మీ కొట్టు లెక్కలోనే చూడండి. ఒకతనికి ఐదొందలు బాకీ, ఇంకొకతనికి రెండొందలు. ఇద్దరి జేబుల్లోనూ పైసా లేదు. సాయంత్రం చెరో ఐదొందలు కూలి వచ్చింది, నేరుగా వచ్చి బాకీ కట్టేశారు. మొదటివాడు ఉత్త చేతులతో ఇంటికెళ్ళాడు. రెండోవాడి జేబులో మూడొందలు మిగిలాయి. పొద్దున్న ఇద్దరిలో ఎవరి పరిస్థితి నయం? రెండోవాడిదే కదా. అందుకే −200 పెద్దది.

బాకీతో ఆలోచించడం తక్కువ పనేమీ కాదు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు సూత్రాలు చెప్పినప్పుడు వాడిన మాటలు కూడా ధనం, ఋణం. మన పుస్తకాల్లోని ధన సంఖ్య, రుణ సంఖ్య ఆ మాటలే. మీవాడు చూసిన "పెద్ద"కు కూడా గణితంలో పేరుంది: పరమ మూల్యం. సంఖ్యకు అటూ ఇటూ రెండు నిలువు గీతలు గీస్తే గుర్తు మాయమై పరిమాణం మిగులుతుంది. |−500| = 500. ఆ గీతలు 1841లో జర్మన్ గణితవేత్త వైర్‌స్ట్రాస్ పెట్టినవి.

పాఠాల్లో ఈ లెక్కకు మంచు ప్రాంతాల ఉష్ణోగ్రతలు ఇస్తారు. మన ఊళ్ళో మైనస్ డిగ్రీలు ఫ్రీజర్‌లో తప్ప ఎక్కడున్నాయి! బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ని 2002లో మ్యూజియం చేశాక నాకు ఉదాహరణ దొరికింది. సముద్రమట్టం సున్నా. కైలాసగిరి ఎక్కితే ప్లస్, సబ్‌మెరైన్లో దిగితే మైనస్. ఒకటి −50 మీటర్ల దగ్గర, మరొకటి −200 దగ్గర ఉన్నాయనుకోండి. పైన ఉన్నది మొదటిది, ఎక్కువ లోతుకు పోయింది రెండోది. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు: "మేడమ్, ఇప్పుడది ఇసుక మీద కూర్చుంది కదా, ప్లస్సా మైనస్సా?" ప్లస్సేరా, రిటైరయ్యాక ప్రమోషన్ వచ్చింది అన్నాను.

ఇంట్లో పరీక్ష పెట్టాలంటే ఆర్టీసీ కాంప్లెక్స్‌ని సున్నా అనుకోమనండి. మద్దిలపాలెం వైపు ప్లస్, గాజువాక వైపు మైనస్. మీ ఇల్లు మైనస్‌లో ఉందని కండక్టరు టికెట్ డబ్బులు ఎదురివ్వడు. ఆయనకు కావలసింది పరమ మూల్యం.

ప్రశ్న: 5, 3 + 4ఐ – వీటిలో ఏది పెద్దది? మా క్లాసులో పందెం నడుస్తోంది.
– ఇంటర్ విద్యార్థి, మధురవాడ

జవాబు: పందెం డబ్బులు ఎవరివి వాళ్ళకిచ్చెయ్యండి. పై జవాబులో చెప్పిన రెండు పనుల్లో ఒకటి ఇక్కడ చెల్లదు. ఐ అంటే దాన్ని దానితోనే గుణిస్తే −1 వచ్చే సంఖ్య. అది కలిసిన 3 + 4ఐ లాంటి సంకీర్ణ సంఖ్యల్ని కూడికలు, గుణకారాలు చెడకుండా చిన్నా పెద్దా వరసలో నిలబెట్టలేం. ఐ ధనమనుకో, ధనాన్ని ధనంతో గుణిస్తే ధనమే రావాలి. ఐని ఐతో గుణిస్తే −1 వస్తుంది. పోనీ ఐ రుణమనుకో. రుణాన్ని రుణంతో గుణించినా ధనమే రావాలి, మళ్ళీ −1 వస్తుంది. సున్నా ఎలాగూ కాదు.

పరిమాణం మాత్రం ఉంది, మీ పుస్తకంలో మాపం అంటారు. గ్రాఫు కాగితం మీద మూడు గళ్ళు కుడికి, నాలుగు గళ్ళు పైకి వెళ్ళి సున్నా నుంచి స్కేలు పెట్టి కొలువు. 9, 16 కలిపితే 25, దాని వర్గమూలం 5. అంటే రెండింటి పరిమాణమూ 5. సున్నా కేంద్రంగా ఐదు గళ్ళ వ్యాసార్ధంతో వృత్తం గియ్యి. గళ్ళ మూలల మీదుగా సరిగ్గా వెళ్ళే చుక్కలు పన్నెండు ఉంటాయి. రెండు నీకు దొరికాయి, మిగతా పదీ నువ్వే వెతుక్కో.