పన్ను అనగానే ప్రతికూలమా?

ప్రశ్న: వాక్యంలోని భావం అనుకూలమా, ప్రతికూలమా అని చెప్పేలా సినిమా సమీక్షలతో శిక్షణ పొందిన కంప్యూటర్ మోడల్‌కు కంపెనీల వార్షిక నివేదికలు ఇస్తే, పన్ను, వ్యయం అన్న మాటలున్న ప్రతి వాక్యాన్నీ ప్రతికూలమంటోంది. ఏం చేయాలి?

జవాబు: ఇది పాత చిక్కే. మాటలను భావాన్ని బట్టి వర్గీకరించే హార్వర్డ్ నిఘంటువు ప్రతికూలమని లెక్కించే మాటల్లో, అమెరికా కంపెనీల నివేదికల్లో కనిపించేవి దాదాపు నాలుగింట మూడు వంతులు ఆర్థిక సందర్భంలో అలాంటివి కావని ఫైనాన్స్ పరిశోధకులు టిమ్ లాక్రన్, బిల్ మెక్‌డొనాల్డ్ 2011లోనే చూపారు. కనుక మీ నివేదికల్లోని వాక్యాలకే, లెక్కల పత్రాలు చదవడం తెలిసిన ఇద్దరిచేత విడివిడిగా అనుకూలం, ప్రతికూలం, తటస్థం అని గుర్తులు పెట్టించి, వారు విభేదించిన చోట నియమాలను సరిదిద్దుకున్న తరువాతే బెర్ట్ వంటి భాషా మోడల్‌కు శిక్షణనివ్వండి; ఈ పనిలో తొందర పనికిరాదు. ప్రతికూలమైన మాటతోనే మంచి కబురు చెప్పే ‘నష్టం తగ్గింది’ వంటి వాక్యాలే అసలు పరీక్ష. శిక్షణకు వాడిన కంపెనీని పరీక్షలో ఉంచకండి. తటస్థ వాక్యాలే ఎక్కువగా ఉంటాయి కనుక మొత్తం కచ్చితత్వాన్ని నమ్మక, ఒక్కో వర్గానికి ఎఫ్1 విలువను (తప్పుగా పట్టినవి, పట్టకుండా వదిలేసినవి రెండింటినీ లెక్కలోకి తీసుకునే కొలతను) విడిగా చూడండి.