ఫీజు మాఫీ మెయిల్ చూసి ఇల్లు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. గ్రీన్‌కార్డు ఉంది. మా అమ్మాయి రట్గర్స్‌లో ఫైనలియర్ చదువుతోంది, 2026 ఆగస్టులో లా స్కూల్లో చేరాలని ఆశ. ఎల్‌శాట్ (లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష) 157, జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు) 3.6. ఇప్పటికే 14 లా స్కూళ్లు అప్లికేషన్ ఫీజు మాఫీ అని మెయిల్ పంపాయి. పిలిచి మరీ ఫీజు వద్దంటున్నారంటే సీటు దాదాపు ఖాయమే కదా? ఇంటి మీద 90,000 డాలర్ల హీలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి, కావాల్సినప్పుడు తీసుకునే అప్పు లైన్) ఇప్పుడే తీసి ఉంచుదామనుకుంటున్నాను. నా ఒక్కడి జీతమే. నెల ఖర్చు 6,500, సేవింగ్స్ 9,000. మార్ట్‌గేజ్ అసలుకి నెలనెలా 1,200 అదనంగా కడుతున్నాను.

జవాబు: ఖాయం కాదండీ. ఆ మెయిల్స్‌లో ఒకదాన్ని తెరిచి అడుగు దాకా చదవండి. మీ వివరాలు కాండిడేట్ రిఫరల్ సర్వీస్ ద్వారా అందాయన్న వాక్యం చాలా వాటిలో కనిపిస్తుంది. ఎల్‌శాట్ పరీక్ష పెట్టే సంస్థ ఎల్‌శాక్ నడిపే జాబితా అది. ఫలానా స్కోరు నుంచి ఫలానా స్కోరు దాకా, ఫలానా జీపీఏ పైన అని స్కూలు వడపోత పెడుతుంది, అందులో పడ్డవాళ్లందరికీ ఒకే మెయిల్ వెళ్తుంది. మీ అమ్మాయి ఫైలు అక్కడ ఇంకా ఎవరూ తెరవలేదు. ఎక్కువమంది అప్లై చేస్తే స్కూలుకి ఎంచుకునే వీలు పెరుగుతుంది, అందుకే ఆ వల. మాఫీ వాడుకున్నందుకు నష్టమేమీ లేదు, మొహమాటం లేకుండా వాడుకోండి. లాభం మాత్రం అప్లికేషన్ ఫీజు మిగలడం వరకే.

అదీ పూర్తిగా ఉచితం అనుకోవద్దు. పేమెంట్ పేజీలో అప్లికేషన్ ఫీజు సున్నా అయినా, దాని కింద సీఏఎస్ (మార్కులూ స్కోర్లూ ఒకచోట చేర్చి స్కూళ్లకి పంపే ఎల్‌శాక్ సర్వీసు) రిపోర్ట్ ఫీజు 45 డాలర్లు మామూలుగా అలాగే నిలబడి ఉంటుంది. 14 స్కూళ్లకి 630 డాలర్లు. సీఏఎస్ రిజిస్ట్రేషన్‌కి ఇంకో 200 పైచిలుకు. రిపోర్టు ఫీజు కూడా స్కూలే భరిస్తుందేమో ఆ మెయిల్‌లోనే చూడండి, లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకి రెండు లైన్లు రాసి అడగండి. ఎల్‌శాక్ సొంతంగా ఇచ్చే మాఫీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి, మీ జీతానికి వర్తించకపోవచ్చు.

అవకాశం ఎంతో తెలియాలంటే ప్రతి స్కూలు తన సైట్‌లో పెట్టాల్సిన స్టాండర్డ్ 509 రిపోర్ట్ తెరవండి. ఏటా డిసెంబర్ 15కి కొత్తది వస్తుంది. అందులో ఎల్‌శాట్‌కీ జీపీఏకీ 75, 50, 25 పర్సెంటైల్ అంకెలు ఉంటాయి (25 అంటే చేరినవాళ్లలో పావువంతు మంది అంతకంటే తక్కువలో ఉన్నారని). మీ అమ్మాయి అంకెలు రెండూ 25 పర్సెంటైల్ అంకె కంటే కింద ఉన్న స్కూలు ఎంత ప్రేమగా మెయిల్ రాసినా అక్కడ ఆశ తక్కువ. రెండూ మధ్య అంకె, అంటే 50 పర్సెంటైల్, దాటితే సీటుకీ, ముఖ్యంగా స్కాలర్‌షిప్‌కీ దారి ఉంటుంది. ఎంతమందికి సగం ట్యూషన్ దాటి గ్రాంటు వచ్చిందో అదే రిపోర్టులో ఉంటుంది. షరతులతో ఇచ్చిన స్కాలర్‌షిప్ తర్వాత ఎంతమందికి తగ్గిందో, పోయిందో కూడా ఉంటుంది, అది తప్పక చూడండి. ఇలా వడకడితే 14లో ఆరో ఏడో మిగులుతాయి. మాఫీ మెయిల్ రాలేదని రట్గర్స్ లా స్కూల్‌ని వదిలేయకండి, మీ రాష్ట్రపు పబ్లిక్ స్కూలు అది.

ఇక హీలాక్. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ ప్లాన్. సీటు రాలేదు, స్కాలర్‌షిప్ ఎంతో తెలియదు, అప్పు మాత్రం సిద్ధం! పిల్లల చదువు అనగానే మనవాళ్లు ముందుగా ఇంటి కాగితాలే బయటికి తీస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీ దగ్గరున్న 9,000 మీ ఖర్చుకి ఆరు వారాలు వస్తుంది. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు అది. రేపు లేఆఫ్ అయితే మార్ట్‌గేజ్, ప్రాపర్టీ ట్యాక్స్‌తో పాటు హీలాక్ వాయిదా కూడా మీద పడుతుంది. కోబ్రా (ఉద్యోగం పోయాక పాత కంపెనీ ప్లాన్‌ని సొంత ఖర్చుతో కొనసాగించే చట్టం) కింద హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించాలంటే కుటుంబానికి నెలకు 2,000 దాటడం మామూలే. 26 ఏళ్లు వచ్చేదాకా అమ్మాయి కూడా మీ ప్లాన్‌లోనే ఉండొచ్చు కాబట్టి ఆమె కవరేజీ కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. అవసరానికి హీలాక్ ఉందిలే అనుకోవడం కూడా పొరపాటే. ఇంటి విలువ బాగా పడిపోయినా, మీ ఆదాయం దెబ్బతిన్నా బ్యాంకు ఆ లైన్‌ని ఆపేయగలదు. సరిగ్గా మీకు కావాల్సిన రోజునే.

ఆరు నెలల ఖర్చు, అంటే 39,000, ముందు సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. ఒక చేత్తో ఇంట్లోకి 1,200 కట్టి, ఇంకో చేత్తో అదే ఇంటి మీద 90,000 తీయడంలో అర్థం లేదు. ఆ 1,200 ఈ నెల నుంచే సేవింగ్స్‌కి మళ్లించండి. పది నెలల్లో 12,000 చేరితే 21,000 అవుతుంది, మూడు నెలల ఖర్చు దాటుతుంది. మిగతాది బోనస్‌తోనో ట్యాక్స్ రీఫండ్‌తోనో నింపండి. 39,000 పూర్తయ్యేదాకా చదువుకని దాంట్లోంచి డాలరు తీయొద్దు.

401(కె), అంటే కంపెనీ రిటైర్మెంట్ ఖాతా, దాని మీద లోన్ ఆలోచన కూడా వద్దు. ఉద్యోగం పోతే గడువులోగా తిరిగి కట్టాలి, లేకపోతే పన్నుతో పాటు, వయసు 59½ లోపు ఉంటే మామూలుగా 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది.

అప్పు తప్పనిసరైతే అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోన్. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ (మొత్తం ఖర్చు దాకా ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు. లా విద్యార్థికి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 పరిమితి. 2025-26లో రేటు 7.94 శాతం ఉండేది, హీలాక్ కంటే ఎక్కువగా అనిపించవచ్చు. కానీ ఆదాయాన్ని బట్టి కట్టే వీలుంటుంది, ఇంటి జోలికి రాదు. 50,000లో సరిపోని స్కూలైతే, మిగతాది ప్రైవేటు లోన్‌తో నింపే బదులు ఆ స్కూలునే జాబితాలోంచి తీసేయండి.

ఎల్‌శాట్ మళ్లీ రాయడానికి సుమారు 250 డాలర్లే. నాలుగైదు పాయింట్లు పెరిగితే స్కాలర్‌షిప్ అంకె మారిపోతుంది, హీలాక్ కాగితాల మీద పెట్టే సమయం ఆమె ప్రిపరేషన్‌కి ఇవ్వండి. ఏడాది ఉద్యోగం చేసి వెళ్లినా నష్టం లేదు. సీటు వచ్చాక డిపాజిట్ కట్టే ముందు ఆ స్కూలు స్కాలర్‌షిప్ లెటర్, మొత్తం ఖర్చు, అప్పటికి మీ ఖాతాలో ఉన్న అంకె, ఈ మూడూ నాకు రాయండి.