ఆవులకు ఐవీఎఫ్ చేసే ఉద్యోగం... కేసులవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయికి బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) సీటు వచ్చేలా ఉంది. ఆవులకు ఐవీఎఫ్ చేసే డాక్టర్ అవుతానంటోంది. మా బావగారు అది పాపం, చట్టం ఒప్పుకోదు అంటున్నారు. బీటెక్ బయోటెక్నాలజీ చేసి అదే ల్యాబ్‌లో చేరితే మేలా? ప్యాకేజీ ఎందులో ఎక్కువ? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ముందు టెన్షన్ వదిలేయండి సార్. మేలు జాతి ఆవు అండాలతో ల్యాబ్‌లో పిండాలు తయారుచేసి వేరే ఆవు కడుపులో పెట్టడమే ఈ ఐవీఎఫ్. రాష్ట్రీయ గోకుల్ మిషన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వమే చేయిస్తున్న పని ఇది. 2023లో తిరుపతి టీటీడీ గోశాలలో ఒంగోలు ఆవుకు పిండమార్పిడి చేస్తే సాహివాల్ అనే మరో జాతి పెయ్యదూడ పుట్టింది. పాపపుణ్యాల సంగతి మీ బావగారి కన్నా తిరుపతి వాళ్లకే బాగా తెలుసుంటుంది లెండి.

కేసుల భయం కన్నా, చట్టం ఏమీ చెప్పని చోటే నాకు దిగులు. మనుషుల ఐవీఎఫ్‌కి 2021లో చట్టం వచ్చింది, అండదాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని అందులో రాశారు. ఆవుకు అలాంటి లెక్కేమీ లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం అనవసరంగా బాధపెట్టొద్దంటుంది, అంతే. రీల్స్‌లో ముద్దొచ్చే దూడనే చూపిస్తారు గానీ, తోక మొదట్లో మత్తు ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ పొడవాటి సూది లోపలికి దించి అండాలు లాగడం చూపించరు. మేలు జాతి ఆవయితే కొన్ని చోట్ల రెండు వారాలకోసారి ఇదే తంతు. చిన్న ఆవు కడుపులో పెద్ద జాతి పిండం పెడితే ఈనేటప్పుడు దూడ బయటికి రాక తాళ్లు కట్టి లాగాల్సి రావచ్చు. చూడి గ్యారంటీ అని రైతు దగ్గర డబ్బు గుంజేవాళ్లూ ఉంటారు. జీతమిచ్చే యజమాని "ఇంకోసారి తీసేయండి మేడమ్" అంటే వద్దనగలదా మీ అమ్మాయి? అదీ అసలు పరీక్ష.

బీటెక్ వాళ్లు ల్యాబ్‌లో పిండాలు పెంచగలరు, ఆవుకు వైద్యం మాత్రం చేయకూడదు. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆ హక్కు రిజిస్టరైన డాక్టరుదే. ఊళ్లలో గోపాలమిత్రలు వేసే ఎద సూది (కృత్రిమ గర్భధారణ) సంగతి వేరు. ఆవు దగ్గర నిలబడి "ఈసారి వద్దు" అనే అధికారం కావాలంటే బీవీఎస్సీయే దారి.

ఒక మాట అంటాను, ఏమనుకోకండి. బావగారి మాట రాశారు, ప్యాకేజీ అడిగారు, పిల్ల ఎప్పుడైనా ఆవు ఈనడం చూసిందా అన్న ముక్క మాత్రం లేదు. ఈ సెలవుల్లో దగ్గర్లోని పశువుల ఆస్పత్రికి కొన్నాళ్లు పొద్దున్నే పంపండి. భుజం దాకా గ్లవ్ తొడిగి చెయ్యి లోపల పెట్టే పని, పేడ వాసన చూశాక కూడా ఇదే కావాలంటే నిశ్చింతగా చేర్చండి. కోర్సు ఐదున్నరేళ్లు. ఐవీఎఫ్ వైపు ఎంవీఎస్సీకి (పీజీకి) వెళ్లాలా వద్దా అన్నది ఇంటర్న్‌షిప్‌లో తనే తేల్చుకుంటుంది, మీరిప్పుడే తేల్చనక్కర్లేదు.